నీళ్ళలో అన్న

ఆ ఏడు పడమటి గాలి త్వరగా తగ్గిపోయింది. సముద్రం నూనె పోసినట్టు పడుకుంది. ఇళ్ళ కింద నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే, చాప పక్కకి లాగి నేల చెక్కల సందులోంచి చూస్తే అడుగున పీత నడిచిన గీత కూడా కనిపించేది. మునీఫా బడి నుంచి రాగానే బోర్లా పడుకుని ఆ సందుకి కన్ను ఆనించేది. తినడానికి పిలిచినా లేచేది కాదు.

ఆ ఏడు నీళ్ళలో దిగొద్దని దానికి నేనే చెప్పాను. చూడొద్దని చెప్పలేదు.

దాని తండ్రి లహిది ఆ గాలికాలం మొదట్లో పోయాడు. ఈటె పట్టుకుని చేపకి దిగినవాడు మళ్ళీ పైకి రాలేదు. జతగా వెళ్ళాల్సిన మనిషికి ఆ రోజు జ్వరం. ఖాళీ పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఆయన్ని మర్నాడు తెచ్చారు.

నేను నేలమీద పుట్టినదాన్ని. గొరొంతాలో అనే పట్నం వెనకాల కొండల్లో మొక్కజొన్న పండించే ఊరు మాది. టీచరుగా ఈ నీళ్ళ ఊరికి వేస్తే వచ్చి, లహిదిని చేసుకుని ఉండిపోయాను. ఉండిపోయానే గాని, తల నీళ్ళలో ముంచి ఎరగను. డబ్బా నీళ్ళు చెంబుతో పోసుకోవడమే నా స్నానం. ఊళ్ళో అందరికీ అదొక నవ్వులాట. "మన టీచరుది పిల్లి జాతి, ఒడ్డునే కూచుని చేప తింటుంది" అనేవాడు లహిది, అందరూ వినేలా.

ఆయన పోయాక బదిలీకి పెట్టుకున్నాను. కొండమీద బడికి ఖాయమైంది. తూర్పు గాలి మొదలయ్యేలోగా సరుకుల పడవలో వెళ్ళిపోవాలి. అత్తతో చెప్పినప్పుడు ఆవిడ చేప కడుగుతోంది.

"పిల్లని కూడానా?" అంది.

"పిల్లని వదిలి ఎక్కడికి వెళ్తానత్తా?"

"ఊఁ" అంది. కడిగిన చేపనే మళ్ళీ కడిగింది.

మునీఫా నీళ్ళలో దిగడం అత్తకీ ఇష్టం లేదు. ఆవిడ కారణం వేరు. ఇక్కడ బిడ్డ పుడితే మావిని కొబ్బరిచిప్పలో పెట్టి ఇంటి కింద సముద్రంలోకి దించుతారు. అది బిడ్డకి అన్న. బిడ్డ ఇంట్లో పెరిగితే అన్న నీళ్ళలో ఉంటాడు. పిల్లకి జ్వరం వస్తే అన్నకి ఆకలేసిందని ఇంత అన్నం నీళ్ళలో వదులుతారు. మునిగే ప్రతివాడూ "అన్నా, వస్తున్నా" అని లోపల అనుకునే మునుగుతాడు. లహిది పుట్టిన ఏడు కలరా వచ్చి ఊరంతా ఒడ్డుకి చేరింది. ఆయన మావిని కొబ్బరిచెట్టు మొదట్లో పాతారు. మునీఫా పట్నం ఆసుపత్రిలో పుట్టింది. దాని మావి ఏమైందో అడగడానికి కూడా లేదు.

"తండ్రికీ లేడు, పిల్లకీ లేడు" అని అత్త ఇదివరకు ప్రతి చిన్నదానికీ అనేది. కొడుకు పోయాక ఆ మాట పూర్తిగా మానేసింది. సాయంత్రాలు వరండాలో కూచుని ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్ల వంక చూసేది. అక్కడికి వెళ్ళేది మాత్రం కాదు.

ఒక రోజు మునీఫా నేలకి అతుక్కుపోయే అడిగింది.

"ఎంబో!" నాన్నమ్మని ఇక్కడ అలాగే పిలుస్తారు. "సముద్రం అడుగు పువ్వులో కాపురముండే చారల చేపలున్నాయి చూడు, వాటింట్లో పెద్దది ఆడదట. నిజమేనా?"

"నిజమే."

"అది చచ్చిపోతే మొగుడు చేపే ఆడదైపోతుందట. సుదిన్ తాత చెప్పాడు."

"వాడు చెప్పేవన్నీ నమ్మితే, రేపు నాకు తోక ఉందని కూడా చెప్తాడు." సుదిన్ అత్తకి తమ్ముడు.

"అది నిజమే అత్తా" అన్నాను నేను.

"మరి మొగుడు చేప చచ్చిపోతే?"

అత్త చేతిలో కత్తి ఆగింది. నేను పాఠం చెప్పినట్టే చెప్పాను. "ఆ పువ్వులోనే చిన్న చేపలుంటాయి కదా. వాటిలో ఒకటి ఎదిగి ఆ చోటుకి వస్తుంది."

"వేరే పువ్వుకి వెళ్ళిపోవా?"

"వెళ్ళవు. దారిలోనే ఏదో ఒకటి తినేస్తుంది."

"హమ్మయ్య" అంది మునీఫా.

డాక్టర్ రతిహ్ వచ్చింది ఆ వారంలోనే. కిందటేడు గాలి లేని కాలంలోనూ వచ్చింది. చిన్న టీవీ లాంటి పెట్టె ఒకటి మోసుకొచ్చి, మునిగే మగవాళ్ళని వరసగా పడుకోబెట్టి, ఎడమ పక్కటెముకల కింద చల్లటి జిగురు రాసి లోపలికి చూసింది. ఆ పెట్టెని ఊరివాళ్ళు పట్నంలో గర్భిణీల దగ్గరే చూసి ఉన్నారు. కాబట్టి ఈసారి కూడా మసీదు పక్క గదిలో అదే గోల.

"ఆడపిల్లా, మగపిల్లాడా డాక్టరమ్మా?" అన్నాడు సుదిన్ పొట్ట మీది చొక్కా పైకి లాగి.

"కవలలు తాతా. ఒకదాని పేరు పెండలం, రెండోదాని పేరు చేప."

"నెలలు నిండాయా?"

"ఎప్పుడో నిండాయి. కనడమే ఆలస్యం."

గోడవారన కూచున్న ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. అత్త కూడా పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. డాక్టరు మలయు భాషలో మాట్లాడితే, ఆ భాష రాని ముసలివాళ్ళకి నేను ఊరి భాష బజావులో చెప్పాలి. అందుకే నన్ను పక్కన కూచోబెట్టుకుంది.

తర్వాత ఆవిడ కిందటేడు తీసిన ఫోటోలు పంచింది. పేరు పిలవడం, ఆ మనిషి లేచి వచ్చి తన లోపలి బొమ్మ తీసుకుని తిరగేసి మరగేసి చూడడం. "లహిది" అని పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. నవ్వుతూనే. "ఎక్కడ, నిద్రపోతున్నాడా? కిందటేడు చూసిన ప్లీహాలన్నిటిలోకీ పెద్దది ఈయనదే."

గదిలో ఎవరో దగ్గారు.

"ఆయన లేరు డాక్టరుగారూ" అన్నాను. "ఆయన నా భర్త."

ఆవిడ ఆ ఫోటో ఒళ్ళో బోర్లించి కాసేపు దానిమీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత రెండు చేతులతో నాకిచ్చింది. నేను చూడకుండానే పుస్తకంలో పెట్టేశాను. "తర్వాతిది పిలవండి" అన్నాను.

మర్నాడు ఆవిడ బడికి వచ్చింది. పిల్లలకి ఏమైనా చెప్పమన్నాను. వాళ్ళు చెప్పనిస్తేగా! నీళ్ళలో ఎక్కువసేపుంటే వేళ్ళు ఎందుకు ముడతలు పడతాయి? ఒకడు ఆవలిస్తే పక్కవాడికెందుకు వస్తుంది? నిద్రపోతూ ఆక్టోపస్ రంగులు మారుస్తుంది కదా, అది కల కంటుందా?

"కల సంగతి ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు" అంది డాక్టరు. "తెలిసింది ముడతల సంగతి. చర్మం నానిపోయి అలా అవుతుందనుకుంటారు గాని, ముడతపడమని లోపలి నరం చెప్తుంది. నరం తెగితే ఆ వేలు ముడతపడదు. తడి వస్తువు జారకుండా పట్టుకోవడానికి ఇలా ఏర్పడిందని కొందరంటారు."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరుక్షణం బెంచీలు ఖాళీ. కాసేపటికి సుదిన్ మామయ్యని రెక్కలు పట్టుకుని లాక్కొచ్చారు. కుర్రతనంలో చేపల కోసం బాంబు వేసి చెయ్యి చితక్కొట్టుకున్నాడాయన. ఎడమచేతి చూపుడువేలికి నిప్పు తగిలినా తెలియదు. ఆ చేతిని బక్కెట్లో పెట్టించి, చుట్టూ కాపలా కూచున్నారు.

"నా వంట మాడిపోతోందర్రా."

"కదలకు తాతా!"

చెయ్యి బయటికి తీసేసరికి నాలుగు వేళ్ళు ఎండు ద్రాక్షల్లా ఉన్నాయి. చూపుడువేలు నున్నగా ఉంది. పిల్లలు పెట్టిన కేకకి బడి కింద పడవ కట్టుకుంటున్నవాడు తలెత్తి చూశాడు. సుదిన్ మామయ్య కూడా తన వేలిని కొత్తగా చూసుకున్నాడు. "ఇన్నేళ్ళూ నీళ్ళలోనే ఉన్నా, నేనెప్పుడూ గమనించలేదే" అన్నాడు.

తర్వాత డాక్టరు గిన్నెలో కూజా నీళ్ళు పోయించింది. ఒకరు ఊపిరి బిగబట్టి ముఖం అందులో పెట్టాలి, ఇంకొకరు మణికట్టు పట్టుకుని నాడి చూడాలి. ముఖం తడవగానే నాడి నెమ్మదించింది. ఒక్కొక్కరే చూసి నోరెళ్ళబెట్టారు.

"ముఖానికి నీళ్ళు తగిలి, ఊపిరి ఆగితే చాలు, గుండె తనంతట తనే నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఉన్న గాలిని పొదుపుగా వాడుకోవడానికి. సీలు జంతువులకీ అంతే, మనకీ అంతే."

"కొండమీద వాళ్ళకి కూడానా?" మునీఫా అడిగింది.

"ఎవరికైనా. పురిటి బిడ్డకైనా."

"అమ్మకి కూడానా?"

క్లాసంతా నా వంక తిరిగింది. "టీచరమ్మా, టీచరమ్మా!" గిన్నె నా ముందుకి జరిపారు.

"నాకు జలుబు చేసింది" అన్నాను.

"పిల్లి! పిల్లి!" అని వెనక బెంచీలోంచి ఎవరో సన్నగా అన్నారు. అది లహిది మాట. అన్నవాడికి వెంటనే గుర్తొచ్చినట్టుంది, గొంతు అణిగిపోయింది. నేను గంట కొట్టించాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్త వెలుగు కోసం గుమ్మంలో కూచుని ఉంది. చేతిలో ఆ ఫోటో. పక్కన మునీఫా. పుస్తకాలు సర్దుతుంటే దొరికిందట.

బూడిదరంగు పొగలో నల్లటి చిక్కుడుగింజ లాంటి ఆకారం. అంతే. నేనూ అప్పుడే చూడడం. ఇన్నేళ్ళు ఆయన పక్కన పడుకుని, ఆ ఎడమ పక్క మీద చెయ్యి వేసి నిద్రపోయాను. దాని కింద ఇది ఉందని తెలియదు.

"అమ్మాయ్" అంది అత్త. గొంతు వేరేగా ఉంది. "వాడిని చూశావా?"

"ఎవరిని అత్తా?"

"లహిది అన్నని. లోపలే ఉన్నాడే! కొబ్బరిచెట్టు కింద పాతింది వట్టి తొక్కే. అన్న నా కొడుకుని వదల్లేదు."

"అన్న కాదు ఎంబో, ప్లీహం" అంది మునీఫా. "డాక్టరమ్మ చెప్పింది. అందరికీ ఉంటుంది."

"నువ్వుండవే. నిన్నగాక మొన్న పుట్టి."

రాత్రి వంటకి ముందే ఆ మాట ఊరంతా తిరిగింది. పొద్దున్నకల్లా డాక్టరు గది ముందు ముసలమ్మలు బారులు తీరారు, తమ పిల్లల అన్నల్ని చూపించమని. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. నన్ను పిలిచింది. విషయం చెప్పాను. ఆవిడ ముఖం వాడిపోయింది.

"అయ్యో, నా వల్లే వచ్చింది ఇదంతా. మీ అత్తగారికి సరిగ్గా చెప్పాలి. ఉన్నదున్నట్టు. మీరు తర్జుమా చేస్తారా?"

చేస్తానన్నాను. చెయ్యకుండా ఉండాలని కూడా అనిపించింది. ఆ ఫోటో దొరికిన రాత్రి అత్త, కొడుకు పోయాక మొదటిసారి, కడుపునిండా తిని పడుకుంది. రెండు మాటలు అటూ ఇటూ మార్చి చెప్పినా అడిగేవాళ్ళు లేరు. కాని బడిలో నిలబడి ఏళ్ళ తరబడి చేసిన పని ఒకటుంటుంది. అది చేతిని అంత తేలిగ్గా వదలదు.

ముగ్గురం మా ఇంట్లో చాప మీద కూచున్నాం. మునీఫా నాలుగోది.

డాక్టరు ఒక్కో వాక్యమే చెప్పింది. నేను ఒక్కో వాక్యమే బజావులోకి మార్చాను. ఇది ఒంట్లోని భాగం. తల్లి కడుపులో ఉన్నప్పుడే ఏర్పడుతుంది. ఇందులో రక్తం దాగి ఉంటుంది. మనిషి ఊపిరి బిగబట్టి నీళ్ళలో దిగితే ఇది స్పాంజిలా బిగుసుకుని, దాచిన రక్తాన్ని ఒంటికి ఇస్తుంది. దానితో ఇంకాస్త సేపు లోపల ఉండగలడు. మీ వాళ్ళకి ఇది కొండమీద వాళ్ళకంటే పెద్దగా ఉంటుంది. ఎందుకంటే మీ తాతలు, వాళ్ళ తాతలు, ఇంకా వెనకటివాళ్ళు మునిగి బతికారు. బాగా మునగగలిగినవాళ్ళకి పిల్లలెక్కువ మిగిలారు. వాళ్ళ నుంచి మీకు వచ్చింది.

అత్త అంతా వింది.

"అంటే తల్లి కడుపులోనే వీడితోపాటు ఉంటుంది."

"ఉంటుంది."

"నీళ్ళలో దిగితే సాయానికి వస్తుంది."

"వస్తుంది."

"ముందుతరాల వాళ్ళు పంపించారు."

నేను తర్జుమా చేశాను. డాక్టరు కాసేపు తటపటాయించి, "అవును, ఒకరకంగా" అంది.

"అదేగా నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది" అంది అత్త. "దానికి ఇంత చదువు దేనికి?"

డాక్టరు నా వంక చూసింది. నేను ఉన్నదున్నట్టే చెప్పాను.

మునీఫా అప్పటిదాకా చాప అంచు పీకుతూ ఉంది. తలెత్తకుండానే అడిగింది. "నాన్నది అందరికన్నా పెద్దదన్నారు కదా. మరి ఎందుకు చచ్చిపోయాడు?"

ఆ ప్రశ్న బజావులోనే అడిగింది. కాబట్టి అత్తకి అర్థమైంది, డాక్టరుకి కాలేదు. నేను మలయులోకి మార్చాలి. మార్చాను. సగంలో ఆగాను. నీళ్ళు తాగి మిగతాది చెప్పాను.

డాక్టరు పిల్ల వైపు తిరిగి కూచుంది. "అది కొంచెం ఎక్కువ టైమిస్తుందమ్మా. ఎంత కావాలంటే అంత ఇవ్వదు. నేను అక్కడ లేను కాబట్టి కచ్చితంగా చెప్పలేను. కాని బాగా మునిగేవాళ్ళకి తరచుగా జరిగేది ఇదీ. పైకి వచ్చేస్తూ, ఇంకాస్త దూరంలో వెలుతురు కనిపిస్తుండగా, ఉన్నట్టుండి నిద్రపట్టినట్టు అయిపోతుంది. నొప్పి ఉండదు. భయం కూడా ఉండదు. తనకి తెలియనే తెలియదు."

"అప్పుడేం చెయ్యాలి?"

"తను ఏమీ చెయ్యలేడు. పైనుంచి ముఖం నీళ్ళలో పెట్టి చూస్తూ ఉండేవాళ్ళు ఒకరుండాలి. చూసి, వెంటనే పైకి లాగాలి. అంతే. అది ఉంటే చాలామంది బతుకుతారు."

ఇది కూడా నేనే చెప్పాలి అత్తకి. చెప్పాను.

కింద నీళ్ళు స్తంభాలకి తగులుతున్న చప్పుడు. తర్వాత అత్త మునీఫా గౌను పైకెత్తి, దాని ఎడమ పక్క మీద అరచెయ్యి పెట్టింది. "దీన్ని కూడా చూడమను" అంది.

చూసింది డాక్టరు. చల్లటి జిగురుకి మునీఫా మెలికలు తిరిగింది. తెర మీద బూడిదరంగు పొగ, అందులో చిన్న చిక్కుడుగింజ. "వయసుకి బాగా పెద్దది" అంది డాక్టరు. "తండ్రి పోలిక."

"ఆసుపత్రివాళ్ళు పారేశారని ఎంత ఏడ్చాను" అంది అత్త తెర వంక చూస్తూ. "దీని దగ్గరే ఉన్నాడు."

డాక్టరు వెళ్ళిపోయాక కొన్నాళ్ళు ఇంట్లో ఎవరూ నీళ్ళ ఊసెత్తలేదు. నేను సామాను కట్టడం మొదలుపెట్టాను. మునీఫా ఏడవలేదు, అలగలేదు. సందుకి కన్ను పెట్టుకుని, కొండమీద పిల్లలు ఏ సందులోంచి ఏం చూస్తారని అడిగింది. నేను ఇంకో పెట్టెకి తాడు చుట్టాను.

ఒకరోజు పొద్దున్నే సుదిన్ మామయ్య వచ్చాడు. చేతిలో మైనం ముద్ద.

"టీచరూ, కాస్త తల పైకెత్తు."

"ఎందుకు మామయ్యా?"

"ఎత్తవమ్మా, అక్క పంపింది. నా మీద అరవకు."

నా కళ్ళ చుట్టూ, ముక్కు మొదట్లో ఆ మైనం ఒత్తి, జాగ్రత్తగా తీసుకుని వెళ్ళిపోయాడు. ఇక్కడ మునిగేవాళ్ళ కళ్ళద్దాలు చెక్కతో చెక్కుతారు. ఎవరి ముఖానికి వాళ్ళవే. ఒకరివి ఇంకొకరు పెట్టుకుంటే నీళ్ళు కారతాయి. పిల్లకి పళ్ళు మారేసరికి ఒక జత చెక్కుతారు, ముఖం ఎదిగాక మళ్ళీ ఒకటి. ఊళ్ళో నా ముఖానికి మాత్రం ఎప్పుడూ చెక్కలేదు. నేను అడగలేదు కూడా.

"నేను వెళ్ళిపోతున్నానుగా అత్తా" అన్నాను లోపలికి వచ్చి.

ఆవిడ పెండలం తురుముతోంది. "వెళ్ళు. వద్దన్నానా? తట్టలో కాస్త చోటుంచు, కళ్ళద్దాలకి."

సరుకుల పడవ గురువారం వచ్చింది. ఉప్పు, నూనె, రెండు మంచాలు దించింది. సరంగు మా ఇంటి ముందు ఆగి, "టీచరమ్మా, సామాను ఎక్కించమంటారా?" అని కేకేశాడు. నేను గుమ్మంలోకి వచ్చాను. కట్టిన పెట్టెల మీద మునీఫా కూచుని ఉంది. దాని మెడలో, తండ్రి ఈత నేర్పిన రోజుల్లో చెక్కి పెట్టిన చిన్న కళ్ళద్దాలు.

"మళ్ళీసారి చూద్దాం" అన్నాను సరంగుతో.

"మళ్ళీసారి అంటే గాలి తిరిగిపోతుందమ్మా."

"తిరగనీండి."

మర్నాడు పొద్దున్న అత్త తెడ్డు వేసింది. పడవలో మునీఫా, నేను. ఇళ్ళు దాటి, నీళ్ళు ఆకుపచ్చ నుంచి నీలంలోకి మారే అంచు దగ్గర ఆపింది. ఆ అంచు కిందే చారల చేపల పువ్వు ఉందట. మునీఫా ఆ పేరు చెప్పి నెల నుంచీ చంపుతోంది.

"అమ్మా, అన్నా అని పిలవాలా, ప్లీహమా అని పిలవాలా?"

"నీ ఇష్టం."

"రెండూ పిలుస్తా" అంది. గాలి పీల్చుకుంది. చప్పుడు లేకుండా జారిపోయింది. నీళ్ళు మూసుకున్నాయి.

నా ఒడిలో కొత్త చెక్క కళ్ళద్దాలు. ఇంకా రంపపు పొట్టు వాసన పోలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అత్త తెడ్డు ఆపి నన్నే చూస్తోంది.

కళ్ళద్దాలు పెట్టుకున్నాను. ఎక్కడా సందు లేకుండా అతుక్కున్నాయి. పడవ అంచు పట్టుకుని, వంగి, ముఖం నీళ్ళలో పెట్టాను.

మొదట ఏమీ లేదు, వెలుతురు తప్ప. తర్వాత లోతు తెలిసింది. చెవుల్లోని చప్పుడు ఒక్కో దెబ్బా ఎడం అవుతూ, దూరంగా ఎవరో చెక్క కొడుతున్నట్టు నెమ్మదించింది. భయం తగ్గి అలా కాలేదు. భయం ఉన్నచోటే ఉంది. గుండె మాత్రం దాని పని అది చేసుకుపోతోంది, కొండమీద పుట్టినదాన్నని తెలియనట్టు.

అడుగున మునీఫా పువ్వు మీదికి వంగి ఉంది. చేపల లెక్కేదో తేల్చుకుంది కాబోలు, కాళ్ళు ఆడించి పైకి తిరిగింది. తిరిగి, నేను చూస్తున్నానో లేదో అని తలెత్తి వెతికింది.

చూస్తున్నాను.